వర్చువల్ మెషీన్‌లో లినక్సు: గ్రాఫిక్స్ త్వరణ పరిమితులు

ఒక కంప్యూటరు లోపల సాఫ్టువేరు సహాయంతో సృష్టించబడిన మరొక కంప్యూటరును వర్చువల్ మెషీన్ అంటారు. ఇటువంటి యంత్రంలో లినక్సును స్థాపించుకున్నవారికి ప్రాసెసరు వేగం దాదాపు పూర్తిగా లభిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వేగం మాత్రం ఆ విధంగా లభించదు. బొమ్మలు గీసే పనిని ప్రాసెసరు నుండి తప్పించి ప్రత్యేక చిప్‌కు అప్పగించడాన్ని గ్రాఫిక్స్ త్వరణం అంటారు. వర్చువల్ మెషీన్‌లో ఈ త్వరణం ఎందుకు తగ్గుతుంది, దానిని తిరిగి రాబట్టడానికి ఏయే పద్ధతులు వచ్చాయి, ఒక్కొక్క పద్ధతి ఎక్కడ ఆగిపోతుంది అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

అసలు కంప్యూటరుపై నడిచే నిర్వహణ వ్యవస్థను ఆతిథేయి అని, వర్చువల్ మెషీన్‌లో నడిచే వ్యవస్థను అతిథి అని వ్యవహరిస్తారు. ఈ రెంటి మధ్య ఉండి అతిథిని నడిపించే సాఫ్టువేరు పేరు హైపర్‌వైజర్. గ్రాఫిక్స్ చిప్‌ను ఈ వ్యాసంలో జీపీయూ అని పేర్కొనడం జరిగింది.

హైదరాబాదుతో సంబంధం

మాదాపూరులోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. హైటెక్ సిటీకి అదే తొలి భవనం. అదే సంవత్సరంలో గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ (ట్రిపుల్ ఐటీ) మొదలైంది. మైక్రోసాఫ్టు తన అభివృద్ధి కేంద్రాన్ని కూడా ఆ సంవత్సరమే హైదరాబాదులో నెలకొల్పింది. గ్రాఫిక్స్ చిప్‌లు తయారుచేసే ప్రధాన సంస్థలైన ఎన్విడియా, ఎ.ఎం.డి., ఇంటెల్ మూడింటికీ ఈ నగరంలో ఇంజనీరింగ్ కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాదుకు చెందిన ఇనెడా సిస్టమ్స్ అనే చిప్ రూపకల్పన సంస్థలోని ఇంజనీర్ల బృందం 2019లో ఇంటెల్‌లో చేరింది. అదే సంవత్సరం డిసెంబరులో ఇంటెల్ రూపకల్పన కేంద్రం ఇక్కడ ప్రారంభమైంది. ఆ కాలంలో ఇంటెల్ గ్రాఫిక్స్ విభాగానికి నాయకత్వం వహించిన రాజా కోడూరి ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థి. అంతకుముందు ఆయన ఎ.ఎం.డి.లో రేడియాన్ విభాగానికి అధిపతిగా పనిచేశారు.

వర్చువల్ మెషీన్లకు కూడా ఈ నగరం నెలవే. ఒరాకిల్ 2020లోనూ, అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులోనూ తమ క్లౌడ్ ప్రాంతాలను హైదరాబాదు పేరుతో ప్రారంభించాయి. క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే సర్వరు చాలా సందర్భాలలో ఒక వర్చువల్ మెషీనే. దానిలో నడిచేది తరచుగా లినక్సే.

ఇక మూడవ వర్గం విద్యార్థులు. అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాల శిక్షణ సంస్థలలో లినక్సు నిర్వహణ, డేటాబేసులు, క్లౌడ్ వంటి విషయాలు నేర్చుకునేవారు విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకొని, అందులో లినక్సు నడపడం పరిపాటి. ఈ పాఠాలు చాలావరకు నల్లని తెరపై ఆదేశాలు టైపు చేసేవే కాబట్టి గ్రాఫిక్స్ లోటు తెలియదు. అదే విద్యార్థి తరువాత రోబోటిక్స్ అనుకరణ, త్రిమితీయ చిత్రణ లేదా యంత్ర అభ్యసనం వైపు వెళ్ళినపుడు అదే వర్చువల్ మెషీన్ ఒక్కసారిగా మొరాయిస్తుంది. ఈ సమస్య లినక్సుదని, లేదా తన ల్యాప్‌టాప్‌దని చాలామంది భావిస్తారు. నిజానికి రెండూ కారణం కావు.

ప్రాసెసరుకు సాధ్యమైనది జీపీయూకు ఎందుకు కాలేదు

ప్రాసెసరు ఆదేశాల పట్టిక బహిరంగమైనది, స్థిరమైనది. ఇరవై ఏళ్ళ నాటి ప్రోగ్రాము కూడా నేటి ప్రాసెసరుపై నడుస్తుంది. అందువలన అతిథి ఆదేశాలను హైపర్‌వైజర్ నేరుగా ప్రాసెసరుకే వదిలిపెట్టి, ప్రమాదకరమైన వాటిని మాత్రమే అడ్డుకుంటుంది. ఈ అడ్డుకునే పనికి కావలసిన హార్డువేరు సహాయాన్ని ఇంటెల్ 2005లో, ఎ.ఎం.డి. 2006లో తమ ప్రాసెసర్లలోనే చేర్చాయి. 2007లో లినక్సు కెర్నెల్ 2.6.20తో వచ్చిన కేవీఎం ఈ సహాయంపైనే ఆధారపడింది.

జీపీయూ సంగతి వేరు. దాని అంతర్గత ఆదేశాలు సంస్థ సంస్థకూ, తరం తరానికీ మారిపోతాయి. ప్రోగ్రాములు వాటిని నేరుగా వాడవు. ఓపెన్‌జీఎల్, వల్కన్, డైరెక్ట్‌ఎక్స్ వంటి ప్రామాణిక భాషలలో అడుగుతాయి. ఆ అడిగినదానిని చిప్ ఆదేశాలుగా మార్చేది డ్రైవరు. డ్రైవరు తన చిప్ మొత్తం తన అధీనంలో ఉందనే నమ్మకంతో వ్రాయబడినది. ఒకే చిప్‌ను రెండు వ్యవస్థల రెండు డ్రైవర్లు ఒకేసారి పట్టుకోవడానికి వీలులేదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒక్క జీపీయూను అప్పటికే ఆతిథేయి తన తెర కోసం తీసుకుంది. అతిథికి మిగిలేది బొమ్మ కార్డు మాత్రమే.

అనుకరణ కార్డు

ఈ బొమ్మ కార్డులలో ప్రసిద్ధమైనది క్యూఎములో చాలా కాలం అప్రమేయంగా ఉన్న సిరస్ లాజిక్ కార్డు. ఇది 1990ల నాటి నిజమైన కార్డుకు సాఫ్టువేరు నకలు. దాదాపు ప్రతి నిర్వహణ వ్యవస్థలోనూ దాని డ్రైవరు ఉండడమే దానిని ఎంచుకోవడానికి కారణం. 2014లో వచ్చిన క్యూఎము 2.2లో దాని స్థానాన్ని సాధారణ వీజీఏ కార్డు తీసుకుంది. ఇటువంటి కార్డులకు త్రిమితీయ చిత్రణ అసలు లేదు. అతిథి తన మెమరీలో తెర బొమ్మను గీసుకుంటే, హైపర్‌వైజర్ దానిని ఆతిథేయి కిటికీలోకి నకలు చేస్తుంది.

ఈ నకలు ఖర్చు చిన్నది కాదు. 1920 × 1080 చుక్కల తెరలో ఒక్కొక్క చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక్క బొమ్మకు సుమారు 83 లక్షల బైట్లు కావాలి. సెకనుకు 60 బొమ్మలైతే సుమారు 50 కోట్ల బైట్లు. 3840 × 2160 తెరకు ఇది సుమారు 199 కోట్ల బైట్లకు చేరుతుంది. మారిన భాగాన్ని మాత్రమే పంపడం ద్వారా పాఠ్యం టైపు చేసేటప్పుడు ఈ భారం బాగా తగ్గుతుంది, కాని వీడియో చూసేటప్పుడు తెర పెద్దభాగం ప్రతిసారీ మారుతుంది కనుక ఆ ఉపాయం అక్కరకు రాదు.

సాఫ్టువేరు చిత్రణ

2011 ఏప్రిల్‌లో వెలువడిన గ్నోమ్ 3 డెస్క్‌టాప్ తన సాధారణ రూపానికి త్రిమితీయ త్వరణాన్ని తప్పనిసరి చేసింది. వర్చువల్ మెషీన్లలో అది పాత తరహా ప్రత్యామ్నాయ రూపానికి జారిపోయేది. గ్నోమ్ 3.8 (2013) ఆ ప్రత్యామ్నాయాన్ని కూడా తొలగించింది. ఉబుంటు 12.10లో యూనిటీ 2డీ కూడా ఇదే దారి పట్టింది. వర్చువల్ మెషీన్ వాడుకరులను అప్పట్లో ఆదుకున్నది మెసా గ్రంథాలయంలోని ఎల్ఎల్‌వీఎంపైప్. ఇది జీపీయూ చేయవలసిన లెక్కలను ప్రాసెసరు ఆదేశాలుగా అప్పటికప్పుడు అనువదించి, ప్రాసెసరులోని అన్ని కోర్లపైనా పంచి నడుపుతుంది.

ఇక్కడ గమనించవలసిన విచిత్రం ఒకటి ఉంది. 2020 నాటికి ఎల్ఎల్‌వీఎంపైప్ ఓపెన్‌జీఎల్ 4.5 స్థాయిని అందుకుంది. నిజమైన జీపీయూ సహాయం పొందే అనేక వర్చువల్ కార్డుల స్థాయి ఇంతకంటే తక్కువ. అందువలన త్వరణాన్ని ఆపివేస్తే తెరుచుకునే ప్రోగ్రాము, త్వరణం ఉంటే తెరుచుకోని సందర్భాలు నిజంగానే ఉన్నాయి. వేగం వేరు, సామర్థ్యం వేరు అన్న సంగతి ఈ విషయంలో తరచుగా మరుగున పడుతుంది.

సాఫ్టువేరు చిత్రణ భారమంతా ప్రాసెసరుదే. నాలుగు కోర్ల ల్యాప్‌టాప్‌లో రెండు కోర్లు అతిథికి ఇచ్చి, అందులో పూర్తి డెస్క్‌టాప్ నడిపితే, కిటికీని జరిపినంతమాత్రానే ఆ రెండు కోర్లు నిండిపోవచ్చు. ల్యాప్‌టాప్ ఫ్యాను మోత ఎక్కువ కావడం, బ్యాటరీ త్వరగా అయిపోవడం దీని బయటి లక్షణాలు. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌లను వర్చువల్ మెషీన్లకు సిఫారసు చేయడానికి కారణం ఇదే.

ఆదేశాల బదిలీ

ఈ సమస్యకు ఎక్కువ ప్రచారం పొందిన పరిష్కారం ఇది. అతిథిలో ఒక ప్రత్యేక డ్రైవరు ఉంటుంది. అది గీయవలసిన ఆదేశాలను చిప్ భాషలోకి మార్చదు. ఒక మధ్యస్థ రూపంలో మూటగట్టి హైపర్‌వైజర్‌కు అందిస్తుంది. హైపర్‌వైజర్ ఆ మూటను విప్పి, ఆతిథేయి డ్రైవరు చేత అసలు జీపీయూపై గీయిస్తుంది. అంటే ఇద్దరు దుబాసీల మధ్య సంభాషణ వంటిది. మొదటి దుబాసీకి తెలియని మాట రెండవ దుబాసీకి ఎన్నటికీ చేరదు. అసలు జీపీయూ ఎంత కొత్తదైనా, అతిథికి కనిపించే ఓపెన్‌జీఎల్ స్థాయిని నిర్ణయించేది ఈ మధ్యవర్తియే.

వీఎంవేర్ ఈ దారిలో ముందుగా నడిచింది. 1999లో మొదటి ఉత్పత్తిని విడుదల చేసిన ఈ సంస్థ, 2008 చివరలో మెసా అభివృద్ధిలో కీలకమైన టంగ్‌స్టన్ గ్రాఫిక్స్‌ను కొనుగోలు చేసింది. ఆ సంస్థ రూపొందించిన గాలియం నిర్మాణంపైనే లినక్సు అతిథులకు వీఎంవేర్ డ్రైవరు తయారైంది. వర్క్‌స్టేషన్ 12 (2015) ఓపెన్‌జీఎల్ 3.3ను, వర్క్‌స్టేషన్ 16 (2020) 4.1ను, వర్క్‌స్టేషన్ 17 (2022) 4.3ను అతిథులకు అందించాయి. బ్రాడ్‌కామ్ 2023లో వీఎంవేర్‌ను కొనుగోలు చేసిన తరువాత, 2024లో వర్క్‌స్టేషన్ ప్రో అందరికీ ఉచితమైంది.

ఈ అంకెలు కాగితంపై చిన్న తేడాలుగా కనిపించినా, వాడుకలో అవే తలుపులు తెరుస్తాయి లేదా మూస్తాయి. త్రిమితీయ చిత్రణకు వాడే బ్లెండర్ 2.80 (2019)కి ఓపెన్‌జీఎల్ 3.3 కావాలి, బ్లెండర్ 4.0 (2023)కి 4.3 కావాలి. 4.1 వద్ద ఆగిన అతిథిలో కొత్త బ్లెండర్ నెమ్మదిగా నడవడం కాదు, అసలు నడవదు. రోబోటిక్స్ విద్యార్థులు వాడే గజీబో అనుకరణి విషయంలోనూ ఇటువంటి చిక్కులే ఎదురవుతాయి. సాఫ్టువేరు చిత్రణకు మళ్ళించి దానిని నడపడం ఒక సాధారణ ఉపాయం, నెమ్మదితనాన్ని ఓర్చుకోగలిగితే.

వర్చువల్‌బాక్స్ చరిత్ర ఇంకా ఒడుదొడుకులతో కూడినది. ఇన్నోటెక్ అనే జర్మన్ సంస్థ 2007లో దీనిని స్వేచ్ఛా సాఫ్టువేరుగా విడుదల చేసింది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్, 2010లో ఒరాకిల్ దీని యజమానులయ్యాయి. 2009లో వచ్చిన 2.2 వెర్షను లినక్సు అతిథులకు త్రిమితీయ త్వరణం ఇచ్చింది. అందుకు వాడినది స్టాన్‌ఫోర్డ్‌లో పుట్టిన క్రోమియం అనే గ్రంథాలయం. గూగుల్ బ్రౌజరుకూ దీనికీ పేరు తప్ప వేరే సంబంధం లేదు. ఆ పద్ధతి కాలం చెల్లిపోవడంతో, 2018 చివర వచ్చిన 6.0 నుండి వర్చువల్‌బాక్స్ వీఎంవేర్ కార్డునే అనుకరించడం మొదలుపెట్టింది. 6.1లో పాత పద్ధతి తొలగించబడింది. సెట్టింగుల పుటలో వీడియో మెమరీ 128 మెగాబైట్ల వద్ద ఆగిపోతుంది. అక్కడే "త్రిమితీయ త్వరణం" అనే ఒక గడి ఉంటుంది. ఆ గడిలో టిక్కు పెడితే తన ల్యాప్‌టాప్‌లోని జీపీయూ అతిథికి దక్కుతుందని అనుకోవడం సహజం. ఆ పేరు కొంత తప్పుదారి పట్టించేదే. అతిథి లోపల పరికరాల జాబితా తీసి చూస్తే ఎన్విడియా పేరు గాని, ఇంటెల్ పేరు గాని ఎక్కడా కనిపించదు. వీఎంవేర్ కార్డు పేరే కనిపిస్తుంది.

కేవీఎం, క్యూఎము వాడేవారికి వర్టియో-జీపీయూ అనే కార్డు లభిస్తుంది. ఇది అనుకరణ కాదు; వర్చువల్ మెషీన్ల కోసమే రూపొందించిన, నిజ జీవితంలో ఎన్నడూ లేని కార్డు. 2015లో కెర్నెల్ 4.2లో దీని ద్విమితీయ భాగం, 4.4లో త్రిమితీయ భాగం చేరాయి. త్రిమితీయ భాగాన్ని వర్జిల్ అంటారు. దీనిని రెడ్ హ్యాట్‌కు చెందిన డేవ్ ఎయిర్లీ ప్రారంభించారు. వల్కన్‌ను అతిథికి చేర్చే వీనస్ డ్రైవరు 2021లో మెసాలో చేరింది. క్యూఎము దానిని స్వీకరించినది 2024 డిసెంబరులో వచ్చిన 9.2 వెర్షనులో మాత్రమే. ఒక ప్రామాణిక భాష అతిథికి చేరడానికి కెర్నెల్, మెసా, హైపర్‌వైజర్ మూడూ సిద్ధం కావాలి. వీటిలో ఆలస్యంగా వచ్చినదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది.

మైక్రోసాఫ్టు హైపర్-వీలో నడిచే సాధారణ లినక్సు అతిథికి ఈ ఆదేశాల బదిలీ లేదు. 2021లో కెర్నెల్ 5.14లో దానికి కొత్త తెర డ్రైవరు చేరినా, అది తెరను చూపించడం వరకే. త్రిమితీయ త్వరణం కాదు.

భద్రత

హైపర్‌వైజర్ తయారీదారులు గ్రాఫిక్స్ విషయంలో వెనకాడడానికి సోమరితనం కారణం కాదు. అతిథిలో ఏ ప్రోగ్రాము నడుస్తుందో ఆతిథేయికి తెలియదు. ఆ ప్రోగ్రాము పంపే క్లిష్టమైన ఆదేశాలను ఆతిథేయిలో విప్పి చూడడమంటే అపరిచితుడి మూటను ఇంట్లో విప్పడమే. 2009లో ఇమ్యూనిటీ సంస్థ పరిశోధకుడు కోస్త్యా కోర్చిన్‌స్కీ వీఎంవేర్ తెర పరికరంలోని లోపం ద్వారా అతిథి నుండి ఆతిథేయిలోకి చొరబడవచ్చునని నిరూపించాడు. దానికి క్లౌడ్‌బర్స్ట్ అని పేరు. మైక్రోసాఫ్టు తన రిమోట్‌ఎఫ్‌ఎక్స్ అనే జీపీయూ పంపక సదుపాయాన్ని భద్రతా లోపాల కారణంగా 2020 జూలైలో ఆపివేసి, 2021 ఏప్రిల్‌లో పూర్తిగా తొలగించింది. ఒకే సర్వరుపై వేర్వేరు ఖాతాదారుల యంత్రాలు నడిచే క్లౌడ్ కేంద్రాలలో ఇది మరీ ముఖ్యమైన అంశం.

కార్డును పూర్తిగా అప్పగించడం

మధ్యవర్తి వద్దనుకుంటే మిగిలిన మార్గం జీపీయూను ఆతిథేయి నుండి విడిపించి ఒకే అతిథికి అప్పగించడం. దీనికి మెమరీ దారులను కాపాడే ప్రత్యేక హార్డువేరు (ఇంటెల్‌లో వీటీ-డీ, ఎ.ఎం.డి.లో ఎ.ఎం.డి.-వీఐ) ఉండాలి. లినక్సులో ఇందుకు తోడ్పడే వీఎఫ్ఐఓ 2012లో కెర్నెల్ 3.6తో వచ్చింది. ఈ పద్ధతిలో అతిథి తన సొంత ఎన్విడియా లేదా ఎ.ఎం.డి. డ్రైవరును వేసుకుంటుంది, వేగం అసలు యంత్రానికి చాలా దగ్గరగా ఉంటుంది, క్యూడా కూడా పనిచేస్తుంది. అయితే ఆ కార్డు ఆతిథేయికి ఇక కనిపించదు. రెండు జీపీయూలు ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటరులో ఇది కుదురుతుంది. ల్యాప్‌టాప్‌లలో రెండవ జీపీయూ బొమ్మలు సాధారణంగా మొదటి దాని గుండానే తెరకు చేరుతాయి కనుక ఇది కష్టసాధ్యం. నడుస్తున్న యంత్రాన్ని ఒక సర్వరు నుండి మరో సర్వరుకు మార్చే సౌలభ్యం కూడా ఈ పద్ధతిలో సాధారణంగా పోతుంది.

క్లౌడ్‌లో జీపీయూ సర్వర్లు మొదట ఈ విధంగానే వచ్చాయి. అమెజాన్ 2010లో ఎన్విడియా టెస్లా కార్డులను లినక్సు యంత్రాలకు ఇదే పద్ధతిలో అద్దెకు ఇచ్చింది.

కార్డును పంచుకోవడం

ఒక పెద్ద కార్డును ముక్కలు చేసి అనేక అతిథులకు పంచడం సంస్థలకు కావలసిన పద్ధతి. ఎన్విడియా గ్రిడ్ కార్డులతో 2013లో, ఎ.ఎం.డి. 2016లో ఈ సదుపాయాన్ని తెచ్చాయి. ఎన్విడియా పద్ధతిలో కార్డు ధరతో పాటు సాఫ్టువేరు లైసెన్సు రుసుము కూడా చెల్లించాలి. ఇంటెల్ మాత్రం ల్యాప్‌టాప్‌లోని అంతర్నిర్మిత జీపీయూనే పంచే జీవీటీ-జీ అనే ఉచిత పద్ధతిని 2017లో కెర్నెల్ 4.10లో చేర్చింది. విద్యార్థికి అందుబాటులో ఉన్న పంపక పద్ధతి అది. అది పదవ తరం ప్రాసెసర్లతో ఆగిపోయింది. విచారించదగిన సంగతి.

2020 మార్చి లాక్‌డౌన్ తరువాత సైబరాబాదు సంస్థల ఉద్యోగులు ఇళ్ళ నుండి పనిచేసినపుడు చాలామంది వాడినవి దూరపు సర్వర్లలోని వర్చువల్ డెస్క్‌టాప్‌లే. కోడు వ్రాసేవారికి అవి సరిపోయాయి. చిత్రణ పనివారికి పంపక జీపీయూ ఉన్న డెస్క్‌టాప్ కావాలి, దాని ఖర్చు వేరు.

విండోస్‌లో లినక్సు ఉపవ్యవస్థ

విండోస్ వాడుకరులకు ఇటీవల దొరికిన మంచి మార్గం ఇది. 2020లో విడుదలైన దీని రెండవ రూపం నిజానికి ఒక తేలికపాటి వర్చువల్ మెషీన్. ఇందులో ఎన్విడియా కార్డు ఉన్నవారు క్యూడాను వాడవచ్చు. 2021 నుండి లినక్సు కిటికీలు నేరుగా విండోస్ తెరపై కనిపిస్తున్నాయి. ఇక్కడ కూడా అతిథికి జీపీయూ నేరుగా దక్కదు. ఆదేశాలు విండోస్ డ్రైవరుకే చేరుతాయి. ఓపెన్‌జీఎల్‌ను మెసా డైరెక్ట్‌ఎక్స్ 12గా అనువదిస్తుంది. యంత్ర అభ్యసనం నేర్చుకునే విద్యార్థికి వర్చువల్‌బాక్స్ కంటే ఇది నిస్సందేహంగా మేలు. సొంత కెర్నెల్‌ను, డ్రైవర్లను పరీక్షించదలచినవారికి మాత్రం ఇది అంతగా సరిపోదు.

క్యూడాను గురించి ఒక మాట. వర్జిల్, వీఎంవేర్, వర్చువల్‌బాక్స్ కార్డులలో ఏదీ క్యూడాను మోయదు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో పవన్ హరీష్, పి.జె. నారాయణన్ క్యూడా వచ్చిన 2007లోనే జీపీయూపై పెద్ద గ్రాఫ్ గణనలను గురించి పరిశోధనా పత్రం ప్రచురించారు. ఈ తరహా పనిని అభ్యసించదలచిన విద్యార్థికి మిగిలే దారులు నాలుగు: లినక్సును నేరుగా డిస్కుపై స్థాపించుకోవడం, పైన చెప్పిన ఉపవ్యవస్థ, పూర్తిగా అప్పగించిన కార్డు, లేదా అద్దె సర్వరు. వీటిలో మొదటిది అన్నిటికంటే చౌక. డిస్కులో ఖాళీ ఉంటే చాలు.

త్వరణం ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం

అతిథిలో టెర్మినల్ తెరచి జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో ఆదేశం ఇచ్చి, "రెండరర్" అనే వరుసను చూడాలి. అక్కడ ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే భారమంతా ప్రాసెసరుదే. ఎస్‌వీజీఏ3డీ అని ఉంటే వీఎంవేర్ తరహా కార్డు, వర్జిల్ అని ఉంటే వర్టియో కార్డు పనిచేస్తున్నట్లు. జీపీయూ అసలు పేరు ఒక్కటే ఉంటే కార్డు పూర్తిగా అప్పగించబడింది. వర్జిల్ పేరు పక్కన కుండలీకరణాలలో ఆతిథేయి జీపీయూ పేరు కూడా కనిపించవచ్చు. దానిని చూసి పొరబడరాదు. ఆ తరువాతి వరుసలో ఉండే ఓపెన్‌జీఎల్ అంకెను, వాడదలచిన ప్రోగ్రాము కోరే అంకెతో పోల్చుకోవాలి.

తెలుగు లిపి

స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తయారుచేసిన తెలుగు లినక్సును, లేదా తెలుగు ముఖపత్రం పెట్టుకున్న మరే పంపిణీనైనా వర్చువల్ మెషీన్‌లో పరీక్షించేవారికి వచ్చే సందేహం, త్వరణం లేకపోతే ఒత్తులు, గుణింతాలు చెదురుతాయా అన్నది. చెదరవు. ఏ అక్షరానికి ఏ ఒత్తు ఎక్కడ చేరాలో నిర్ణయించేది హార్ఫ్‌బజ్ వంటి అక్షరకూర్పు గ్రంథాలయం. ఆ పని ఎప్పుడూ ప్రాసెసరుదే. అక్షరాలు విడిపోయి కనిపిస్తే లోపం ఫాంటులోనో, ఆ ప్రోగ్రాములోనో వెతకాలి. పొడవైన తెలుగు పుటను జరిపేటప్పుడు తెర తడబడితే మాత్రం అది గ్రాఫిక్స్ లోటే.